గంజి పెట్టిన గుడ్డ మీద ఒక ఏడాది

ఇవాళ అన్నం వారుస్తుంటే గంజి ఆవిరి ముఖానికి కొట్టింది, థామస్ అంకుల్ గుర్తొచ్చాడు. క్రైస్ట్‌చర్చ్‌లో మా పక్కింటి ముసలాయన. అమెరికా ఆదివాసుల్లో లకోటా మనిషి. బయటివాళ్లు సూ తెగ అంటారు. అక్కడ తన వాళ్లకు పెద్ద, ఊరి నీళ్ల కోసం కొట్లాడి జైలుకు పోయినవాడు. న్యూజిలాండ్ ఆవిడను కట్టుకుని ఇక్కడికొచ్చాడు, ఆవిడా పోయింది.

ప్రతి చలికాలం ఆ ఏడాదికి గుర్తుగా, పాత ఏళ్ల బొమ్మలున్న గుడ్డ మీదే ఒకే ఒక్క బొమ్మ గీయడం వాళ్ల ఆచారం. ఏది గీయాలో పెద్దలంతా కూర్చుని తేలుస్తారు. గీసేవాడు ఒక్కడే తేల్చకూడదు. ఇక్కడ ఆయనకు పెద్దలెక్కడ? నన్నూ, నా కూతురు శ్రేయనూ కూర్చోబెట్టేవాడు. రంగు పాకకుండా గుడ్డకు గంజి పెట్టడం ఆయనకు నేర్పింది నేనే. ఒకసారి మా పెరట్లో మంచు కురిసిందని గీస్తే, "ఇదీ ఒక విశేషమేనా అంకుల్?" అని ఆటపట్టించాను.

మరుసటి ఏడు నా భర్త రమేశ్ పనిలో పరంజా మీదినుంచి పడి చనిపోయాడు. హైదరాబాద్ నుంచి మా అమ్మది ఫోన్లో ఒకటే మాట: "పిల్ల ముంగట అల్లుని పేరు తియ్యకు బిడ్డా, మర్చిపోనియ్యి." ఫొటోలన్నీ సూట్‌కేసులో పెట్టేశాను. శ్రేయ అడగడం మానేసింది. మర్చిపోతోందనే అనుకున్నాను.

చలికాలం రాగానే అంకుల్ గుడ్డ పట్టుకొచ్చాడు. "ఈ ఏడు ఏది గీద్దాం?"

నాకు ఒళ్లు మండింది. "మా ఆయన చావు మీకు బొమ్మలాటయిందా? పొండి ఇక్కణ్నుంచి!"

ఆయన కదల్లేదు. "మా తమ్ముణ్ని కాల్చి చంపిన ఏడు కూడా ఇందులో ఉందమ్మా. ఏడుస్తూనే గీశాను."

శ్రేయ ఖాళీ చోట వేలు పెట్టింది. "డాడీని గీయండి అంకుల్."

"నిలబడ్డట్టా?"

"కాదు, పడినట్టు. అదే కదా అయింది."

నేను బోరుమన్నాను. పిల్లే నా వీపు నిమిరింది. ఆ సాయంత్రమే సూట్‌కేసు తెరిచాను.

పోయిన నెల అంకుల్ పోయాడు. ఆయన మేనల్లుడొచ్చి ఆ గుడ్డ తీసుకెళ్లాడు. ఎక్కడో వాళ్ల ఊళ్లో, మా పేరైనా తెలియని పిల్లలకు ఎవరో ఆ బొమ్మ చూపించి "పక్కింటాయన పడిపోయిన ఏడు" అని చెబుతారు. తలుచుకుంటే దుఃఖం ఆగదు, అయినా రమేశ్ అక్కడ ఉన్నాడని ధైర్యంగా ఉంటుంది.

పొద్దున వార్చిన గంజిలో పాత దిండు గలీబు ముంచి హీటర్ దగ్గర ఆరేశాను. సాయంత్రం ఈ ఏటి బొమ్మకు శ్రేయ కుంచె పట్టుకుని కూర్చుంది.

"అంకుల్‌నే కదా మమ్మీ? నవ్వుతున్నట్టు గీయనా?"

"వద్దు బిడ్డా," అన్నాను. "పోయినట్టే గీయి."