పిన్ని దూలానికి కట్టిన మూట

పామర్రు సెంటర్లో ట్రాలీ ఆటో ఆపి టీ తాగుతుంటే సెల్లు మోగింది. పిన్ని కూతురు. "అన్నయ్యా, అమ్మ పోయింది" అంది. గుడివాడ తీసుకెళ్తున్న ఎండుచేపల లోడు అక్కడే తెలిసినవాళ్ళ కొట్లో దించేసి, బండి బందరు వైపు తిప్పాను.

ఏడుద్దామనే వెళ్ళాను. ఏడవనివ్వలేదు. మా ఒడ్డున సరుకు కొనే షావుకారు ఆవిడ కాళ్ళ దగ్గర నిలబడి, "పాపం, ఆ నెత్తళ్ళు బూజు పట్టిన దగ్గర్నుంచీ మనిషి కోలుకోలేదండీ" అంటున్నాడు. శవం ముందు కూడా అదే మాట. అప్పుడొచ్చిన కోపం ఇంకా దిగలేదు. ఈ నాలుగు ముక్కలూ ఆ కోపంతోనే రాస్తున్నాను. ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి, తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. పిన్ని నెత్తళ్ళు బూజుతో ఇక్కణ్ణించి వెళ్ళలేదు. ఆ ఒక్క వాక్యం మాత్రం దిద్దకండి.

పిన్ని అంటే నాకు చుట్టరికం కాదు, గోడ అవతలి ఇల్లు. నేను చేసిన ప్రతి వెధవపనికీ మొదటి తిట్టు ఆవిడదే. ఓసారి ఆవిడ తమలపాకుల సంచిలో బతికున్న పీతని వేశాను. అరుస్తుందని గోడ పక్కన చెవి పెట్టుకు కూర్చున్నాను. చడీచప్పుడూ లేదు. మధ్యాహ్నం మూత పెట్టిన గిన్నె ఒకటి పంపింది. తీసి చూస్తే ఖాళీ డొప్పలు. "కూర బావుందిరా, ఇంకోటుంటే వెయ్యి" అని గోడ మీంచి కేక.

ఊళ్ళో అందరూ నెత్తళ్ళు, అదే వేలెడంత చిన్న చేపలు, ఇసకలో ఆరబోస్తే, ఆవిడ గుంజలు పాతి, వాటి మీద పాత వలలు పరిచి ఆరబోసేది. ఎండాయో లేదో కంటితో చూసేది కాదు. గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపేది. గలగలమంటే గోతానికెక్కేవి, లేకపోతే ఇంకో ఎండ. "చేప మోగాలిరా. మోగందాకా అది సరుకు కాదు" అనేది.

ఇంకో అలవాటుంది, మా ఒడ్డున ఆడవాళ్ళందరికీ ఉన్నదే. లోడు కదిలే ముందు అందులోంచి కాసిని తీసి, పాత చీరగుడ్డలో మూటగట్టి, పొయ్యి పొగ తగిలేలా వసారా దూలానికి వేలాడదీస్తారు. సరుకు చెల్లిందని కబురొచ్చాకే మూట దించుతారు. ఆ చేపలే కూర వండి, ఆరబోసిన ఆడవాళ్ళందరికీ వడ్డిస్తారు. కబురు రాకపోతే మూట దిగదు.

ఇక ఆ ఒప్పందం సంగతి. మన దేశమూ, సముద్రం అవతలి దేశమొకటీ సరుకుల మీద సుంకాలు తగ్గించుకున్నాయి. ఆ దేశం పేరు రాయను. తప్పు రెండు వైపులా ఉన్నప్పుడు ఒకరి పేరే ఎక్కించడం అన్యాయం. పేపర్లో పెద్దవాళ్ళు కరచాలనాలు చేసుకున్న ఫోటో చూసి షావుకారు సంబరపడ్డాడు. పిన్ని నెత్తళ్ళు ఓడెక్కాయి. ఇక్కడి పరీక్ష ఆఫీసు వాళ్ళు చూసి, తేమ లేదు, బాగున్నాయని ముద్ర కూడా కొట్టారు.

అక్కడి వాళ్ళకి మన ముద్ర పనికిరాలేదు. మళ్ళీ మేమే పరీక్ష చేస్తామన్నారు. చెయ్యండి, ఎవరు కాదన్నారు? చెయ్యలేదు. వారాల తరబడి వానలో, రేవులో ఓ రేకుల షెడ్డు కింద పడేశారు. తీరిగ్గా గోతాం విప్పి, బూజు పట్టిన సరుకని రాసి, అక్కడే పూడ్చిపెట్టారు. ఫోటోలో చేతులు కలిపినవాళ్ళకి, ఒకరి పరీక్ష ఇంకొకరు నమ్మాలని గానీ, ఇద్దరూ కలిసి ఒక్కసారే చెయ్యాలని గానీ తోచలేదు. కరచాలనం సుంకం వరకే.

గుడివాడ సంతలో "బూజు నెత్తళ్ళమ్మ వచ్చింది" అన్నారు. ఆ రోజు పిన్ని బుట్ట దించకుండానే తిరిగొచ్చేసింది.

తర్వాత బందరులో ఓ హోటల్ ఏసీ హాల్లో ఎగుమతుల మీద సదస్సు పెట్టారు. ఇక్కడి ముద్ర కొట్టిన ఆఫీసు నుంచీ ఓ పెద్దాయన వచ్చాడు. పిన్నిని ట్రాలీలో తీసుకెళ్ళాను. లేచి నిలబడి అడిగింది:

"అయ్యా, నా చేప మీ చేతుల్లోంచి వెళ్ళినప్పుడు బాగుందా, లేదా?"

"అక్కడి రూలు అక్కడిదమ్మా, ఇక్కడి రూలు ఇక్కడిది. రెండూ కలపాలని మాట్లాడుకుంటున్నారు. టైము పడుతుంది."

"పిల్లని ఓ ఇంటివాళ్ళు చూసి బావుందన్నారు. రెండో ఇంటివాళ్ళు పిల్లని తీసుకెళ్ళి వారాల తరబడి బస్టాండులో వానలో కూచోబెట్టి, అప్పుడొచ్చి మొహం వాడిందన్నారు. బాబూ, పిల్లది తప్పా?"

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. మైకు పక్కాయన చేతిలో పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండింది. అదే లోడుతో ఆరిన నెత్తళ్ళు మా ఇంట్లో కొన్ని ఉంటే, ఇలాంటిదేదో అవుతుందని పొద్దున్నే హోటల్ వంటవాడికిచ్చి వంకాయతో వండించి ఉంచాను. మధ్యాహ్నం భోజనాల్లో పెద్దాయన ముచ్చటగా మూడుసార్లు వడ్డించుకున్నాడు. ముద్ద నోట్లో ఉండగా చెప్పాను: "సార్, తమరు తింటున్నది ఆ బూజు సరుకేనండి." చెయ్యి గాల్లో ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు.

పిన్ని నవ్వలేదు. బయటికొచ్చాక నా వీపు మీద ఒక్కటిచ్చింది.

"ఆకలేస్తే ఎవడైనా తింటాడ్రా సన్నాసీ. ఆయన తింటే నా చేపకి మచ్చ పోయిందా? బావుందని ముద్ర కొట్టినవాడు, బావుందని నోటితో అనాలి. అంతే నేనడిగింది."

ఆ ఒక్క మాట ఎవరూ అనలేదు. అంటే ఎదుటి దేశంతో మాట్లాడాలి, మాట్లాడితే కుర్చీలు కదలాలి. అక్కడివాళ్ళు తమ ముద్ర గొప్పన్నారు, ఇక్కడివాళ్ళు నోరు మూసుకున్నారు. షావుకారు వేరేవాళ్ళ దగ్గర కొనడం మొదలుపెట్టాడు. ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారట, వినండి. కడుపులు చల్లగా మాట్లాడుకోండయ్యా, అడిగిన మనిషి ఇక అడగదు.

ఆ ఓడెక్కిన లోడు మూట ఆవిడ దించలేదు. తర్వాత నేను వేరే సంతలకి తోలిన లోడ్ల మూటలు ఎక్కేవి, దిగేవి, కూరలయ్యేవి. అదొక్కటీ నల్లబడి అక్కడే ఉండేది. ఒకరినొకరు గిల్లుకోవడం మాకు సరదా కాబట్టి, "మ్యూజియంకి ఇచ్చెయ్ పిన్నీ" అనేవాణ్ణి. "కబురు రానీ, నీకే ముందు వడ్డిస్తా" అనేది. వానాకాలం పొద్దున్నే కర్రతో దాన్నో పోటు పొడిచి, వినేది. తల ఊపుకుని పనిలోకి వెళ్ళేది.

ఆ రోజు పాడె ఎత్తాం. ముందు కొమ్ము నా భుజాన ఉంది. వసారా దాటుతుంటే వెదురు కొస ఆ మూటకి తగిలింది. బయట ముసురు. మూట ఊగింది.

గలగలమంది.

షావుకారు తలెత్తి చూశాడు. నేను పాడె దించకుండా అక్కడే ఆగాను. వెనకవాళ్ళు కదలమన్నారు. కదల్లేదు. ఆ మూట ఊగడం ఆగేదాకా, అందరినీ విననిచ్చాను.