ముర్రుపాలు పారబోయనివ్వని మనిషి

పది దినాల కిందట నా భార్య ఎప్పటిలాగే లేచి ఆవు పాలు పితికింది. చల్ల చిలుకుతూ గుండెలో నొప్పిగా ఉందన్నది. చాప పరిచాను. ఎండ వాకిట్లోకి రాకముందే పోయింది.

ఒంటిమిట్టకు దగ్గరగా ఉన్న మా ఊళ్లో, నేతగాళ్ల ఇళ్లలో కాన్పయితే ఆమెకు కబురు వచ్చేది. మంత్రసాని కాదు. పుట్టిన బిడ్డకు తల్లి ముర్రుపాలు పట్టించడం ఒక్కటే ఆమె పని. ఆ పసుపుపచ్చని తొలిపాలు చెడ్డవని పిండి పారబోసి, మూడు దినాలు ఆముదమూ బెల్లపు నీళ్లూ పోయడం మా వైపు వాడుక. మా తొలి బిడ్డకూ అట్లే చేశారు. నేను మదరాసులో ప్రకృతిశాస్త్రం చదివి వచ్చినవాణ్ణి, అడ్డు చెప్పలేదు. తొమ్మిదో దినం బిడ్డ పోయింది. 

ఆ తరువాత నా భార్య దూడలను గమనించడం మొదలుపెట్టింది. మా ఆవు ఈనితే తొలిపాలన్నీ దూడకే వదిలేది. "ఈయమ్మ ఇంట్లో జున్ను తినాలంటే దూడై పుట్టాలప్పా" అని ఇరుగుపొరుగు ఎగతాళి.

ఒక ఇంట్లో ముసలమ్మ ఆమె మీదికి లేచింది: "ఆ చీము బిడ్డకు పోస్తామా మే?"

"మీ ఎనుము ఈనితే దూడకు ఆముదం పోస్తాండారా పెద్దమ్మా?"

ఇంటికొచ్చాక నేనూ ఆమెతో వాదించాను. కడుపులో పడ్డ ఏ పాలైనా అరిగిపోయేవే కదా అన్నాను.

"అది మీ కడుపు సంగతి. పుట్టినబిడ్డ పేగు ఇంకా పని నేర్చుకుంటాండాది. పాలు తిండి ఒకటే కాదు, ఎట్ల పెరగాల్నో తల్లి చెప్పి పంపే కబురు గూడా. అరగకముందే అది లోపలికి పోవాల."

రక్తంలో తిరుగుతూ ఒక అవయవం ఆజ్ఞను మరొకదానికి మోసే హార్మోనుల గురించి చాలా ఏళ్లకు చదివాను. అలాంటివి పాలలోనూ ఉంటాయా, లేత పేగు వాటిని అరిగించక లోనికి పోనిస్తుందా అని నా కాలేజీ గురువుగారికి జాబు రాశాను. తనకు తెలియదని ఆయన జవాబిచ్చారు. ఆమెకు చదివి వినిపించాను.

"తెల్దని రాసినాడా? శానా మంచోడు" అంది.

ఈ సాయంత్రం పక్కవీధిలో ఒక నేతగాని కోడలు ప్రసవించింది. అత్త ఆముదం వెచ్చబెడుతోందట. మా ఇంటికి కబురు రాలేదు. ఎవరికని పంపుతారు?

మా మైల రేపటి స్నానంతో తీరుతుంది. తెల్లవారగానే ఆ ఇంటికి పోతాను. పురిటి గదిలోకి మగవాడు పోరాదు. వాకిట్లో నిలబడి, బిడ్డను తల్లి రొమ్ముకు పెట్టమని ఆ అత్తను అడుగుతాను. పెట్టేదాకా కదలను.