సుభద్ర గారు మూయించిన కిటికీలు

ఈ వానాకాలం కూడా ఖాడీ పొంగింది. సూరత్‌లో ఊరి మధ్య నుంచి పారే కాలువల్ని ఖాడీలంటారు. ఆల్థాన్‌లో మా అపార్ట్‌మెంటు కింద స్కూటర్లు పెట్టుకునే చోటికి నీళ్ళు వచ్చి, మర్నాటికి తగ్గిపోయాయి. వాచ్‌మన్ ఒండ్రు ఎత్తి పారబోసి ఫినాయిల్ చల్లాడు. కుళ్ళిన బురద వాసన, దాని మీద ఫినాయిల్ వాసన, రెండూ కలిసి మెట్లెక్కి మా ఇంట్లోకి వచ్చేసరికి కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే నాకు సుభద్ర గారు గుర్తొస్తారు. ఈ మాట ఆమె వింటే తిట్టేవారు. నన్ను గుర్తు పెట్టుకోవడానికి అంతకంటే మంచిదేమీ దొరకలేదా అనేవారు.

సుభద్ర గారు బ్యాంకులో నా పై అధికారి. తెనాలి వాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగం కోసం సూరత్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మనిషి పొట్టి, మాట కరకు. మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేచేటప్పుడు ఎవర్నో తిడుతున్నట్టు గొణుక్కునేవారు. చాలా ఏళ్ళ కిందట ఒకసారి పెద్ద వరద వచ్చింది. మా బ్యాంకు మెట్ల దాకా వచ్చిన నీళ్ళు పర్వత్ పాటియా దగ్గర ఖాడీ ఒడ్డున ఉన్న పేద ఇళ్ళను గోడలతో సహా పడేసి పోయాయి. అక్కడ ఉండేవాళ్ళు చాలామంది మనవాళ్ళే. జగిత్యాల, సిరిసిల్ల వైపు పల్లెల నుంచి వచ్చి బట్టల కార్ఖానాల్లో మరమగ్గాలు నడిపేవాళ్ళు. నీళ్ళు తీసిన వారానికి సుభద్ర గారు నా బల్ల దగ్గరికి వచ్చి, "పద్మా, ఆదివారం ఏం చేస్తున్నావు?" అన్నారు. "బట్టలు ఉతుక్కోవాలి మేడమ్" అన్నాను. "సోమవారం మాసినవే కట్టుకురా, నేనేమీ అనను" అన్నారు. నా సమాజ సేవ అలా మొదలైంది. నాకు తపన లాంటిదేమీ లేదని మొదటే చెప్పేస్తున్నాను.

మొదటి ఆదివారం తిరునాళ్ళలా ఉంది. రైల్వే వాళ్ళు, బ్యాంకుల వాళ్ళు, హజీరా కంపెనీల ఇంజనీర్లు భార్యాపిల్లలతో సహా వచ్చారు. అందరి ఫోటోలతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పారలు తక్కువ, ఫోన్లు ఎక్కువ. అయినా పని జరిగింది. బురద తీశాం, పనికొచ్చే ఇటుకలు ఏరి పేర్చాం, చందాలతో మేస్త్రీని పెట్టుకుని, ఒక వరుసలో ఇళ్ళు మళ్ళీ లేపడం మొదలుపెట్టాం. ఒక్కొక్కటి ఒకటే గది, పైన రేకులు. అన్నిటికంటే చివర్ది లస్మవ్వది. ఆమె నాకంటే కొంచెం పెద్ద. భర్త రాజేశం రాత్రి పాళీలో మగ్గం నడుపుతాడు. ఇద్దరు ఆడపిల్లలు దగ్గర్లో బడికి వెళ్తారు. ఇల్లు పడిపోయాక ఆ నలుగురూ మరిది గదిలో, వాళ్ళ సంసారం మధ్య, కాళ్ళు ముడుచుకుని పడుకుంటున్నారు.

లస్మవ్వ ఎవరినీ బతిమాలేది కాదు. మాతో సమానంగా తట్టలు మోసేది. ఒకరోజు టీ తాగుతుండగా సుభద్ర గారితో మామూలుగా అన్నట్టే అంది. "దీపావళికి కార్ఖానాలు బందు పెడ్తరు మేడమ్. గప్పటికి ఇల్లు గాకపోతే నేను పోరగాండ్లను దీస్కొని ఊరికి పోత. మరిది ఇంట్ల ఇంకెన్ని దినాలుంటం? ఈయన మెస్సుల ఉంటడు."

"సెలవులైపోయాక మళ్ళీ వస్తావుగా?" అన్నాను.

"రావుడుంటదా? పిల్లలను ఊరి బడిల ఏస్తే ఇగ గాడ్నే. మా అవ్వ గట్లనే ఉండె. మా నాయిన ఈడ, మేము ఆడ. ఏడాదికి ఒక్కపారి వస్తుండె. నాకైతే ఆయన మొకం సక్కగ గుర్తుకు లేదు."

సుభద్ర గారు టీ కప్పు కింద పెట్టి మేస్త్రీని కేకేశారు. ఆ రోజు నుంచి ఆమెకు దీపావళి తప్ప మరో ధ్యాస లేదు. తండ్రి ముఖం గుర్తులేని పిల్లలు ఇంకో ఇద్దరు తయారు కాకూడదు. ఆమె ఈ మాట పైకి అనలేదు గానీ మేస్త్రీ ఆలస్యంగా వస్తే ఆ కోపంలో నాకు వినబడేది.

ఆమెకు ఇంకో పట్టుదల కూడా ఉండేది. కిటికీలు. మేస్త్రీ పాత పద్ధతిలో గోడ మొత్తం మూసి కడుతుంటే ఆపించారు. "తెనాలిలో మా గదికి కిటికీ లేదు. పగలు కూడా దీపం పెట్టుకుని చదివాను. గాలీ వెలుతురూ లేకపోతే అది ఇల్లా, గోదామా?" అని దబాయించి, ఇంటింటికీ తూర్పు గోడకు ఇంత పెద్ద కిటికీ పెట్టించారు. వాటి కోసం పని రెండు వారాలు వెనకబడింది. మేస్త్రీ విసుక్కున్నాడు. మేం మాత్రం మురిసిపోయాం. పూర్తయిన ఇళ్ళలోకి పొద్దుటి ఎండ పడుతుంటే దాని పక్కన నిలబడి ఇంకా ఫోటోలు తీసుకున్నాం. ఆదివారం ఆదివారం వెళ్ళేవాళ్ళం, ప్రతిసారీ కిటికీలు బార్లా తెరిచి ఉండేవి, ఆడవాళ్ళు నవ్వుతూ టీ ఇచ్చేవాళ్ళు.

ఒకసారి వారం మధ్యలో బ్యాంకుకు సెలవు వచ్చింది. పని త్వరగా తెమిలుతుందని నలుగురైదుగురం బయల్దేరి వెళ్ళాం. వాడలోకి అడుగుపెట్టేసరికి కిటికీ ఒక్కటి కూడా కనబడలేదు. ఒకదానికి అట్టపెట్టెలు కుక్కారు, ఒకదానికి గోనెలు కుట్టారు. మూడో ఇంటి కిటికీకి మా ఫ్లెక్సీయే మేకులతో కొట్టి ఉంది. మా ముఖాలన్నీ వీధి వైపుకు చూస్తూ నవ్వుతున్నాయి. సుభద్ర గారి ముఖం సరిగ్గా చువ్వల మీదికి వచ్చింది. మాతో వచ్చిన ఒకాయన ముఖం కందగడ్డలా అయింది. "ఇంత కష్టపడితే ఇదా మర్యాద?" అని గట్టిగా అరిచాడు. లోపల్నుంచి ఎవరో మగమనిషి నిద్రమత్తులో దగ్గాడు.

లస్మవ్వ పరిగెత్తుకుంటూ వచ్చి నోటి మీద వేలు పెట్టుకుంది. "సార్, జర మెల్లగ. పండుకున్నరు."

అప్పుడు గానీ మాకు బుర్ర వెలగలేదు. ఆ వరుసలో సగం మంది రాత్రి పాళీ వాళ్ళు. రాత్రంతా మగ్గాల మోతలో నిలబడి, పొద్దున వచ్చి, ఆ ఒక్క గదిలో పడుకుంటారు. తూర్పు ఎండ సరిగ్గా కళ్ళల్లో పడేలా మేము కిటికీలు పెట్టాం. మేము వచ్చేది ఆదివారాలు. ఆ రోజు కార్ఖానాలకు సెలవు కాబట్టి మా కళ్ళకు అందరూ మెలకువగా ఉన్నవాళ్ళే. పైగా మేము నొచ్చుకుంటామని, ప్రతి ఆదివారం పొద్దున్నే అట్టలూ గోనెలూ పీకేసి, మేము వెళ్ళాక మళ్ళీ కొట్టుకుంటున్నారట.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు సుభద్ర గారు.

"ఎట్ల చెప్తం మేడమ్? మీరు గంత పావురంగ పెట్టిచ్చిండ్రు" అంది లస్మవ్వ. పావురమంటే వాళ్ళ మాటలో ప్రేమ.

సుభద్ర గారు ఇసుక కుప్ప మీద కూర్చున్నారు. ఆమెకు ఏడుపొస్తోందేమోనని నాకు భయం వేసింది. చివరికి, "నా తెనాలి గది తీసుకొచ్చి వీళ్ళ నెత్తిన రుద్దాను" అన్నారు. లేచి, మేస్త్రీతో ఆ కిటికీలు ఇటుకలతో మూసేయమని, గాలి కోసం రేకుల కింద వెనక గోడకు చిన్న కంత చాలని చెప్పారు. ఆదివారం మళ్ళీ వచ్చి ఇంటింటికీ వెళ్ళి తప్పు నాదేనని చెప్పుకున్నారు. ఆడవాళ్ళు సిగ్గుపడిపోయి, మంచిగనే ఉండె మేడమ్, మస్తు గాలి వస్తుండె అని బొంకారు.

ఆ తర్వాత జనం పలచబడ్డారు. ఫ్లెక్సీ సంగతి అందరికీ తెలిసి, మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నారు. నిజానికి అది సాకు. వాళ్ళు అప్పటికే అలసిపోయారు, అందుకు వాళ్ళను నేను తప్పుపట్టను. నేనూ అలసిపోయాను. వారమంతా బ్యాంకు, ఆదివారం ఇటుకలు. చేతులు పగిలి అన్నం కలుపుకుంటే కారం మండేది. మరో రెండు వారాలకు మిగిలింది మేమిద్దరం, సెలవు రోజున వచ్చి చెయ్యి వేసే మగ్గం పనివాళ్ళు. లస్మవ్వ ఇంటికి ఇంకా గోడలే పూర్తి కాలేదు.

"ఈ వారం నేను రాను మేడమ్. నా వల్ల కాదు" అని ఒక శనివారం చెప్పేశాను.

"నాకూ రాబుద్ధి కావడం లేదు" అన్నారు ఆమె ఫైలు లోంచి తలెత్తకుండానే. "పోయిన వారం కూడా కాలేదు. ఆటో ఎక్కేదాకానే తిట్టుకోవడం. ఎక్కాక ఇంక వాడే తీసుకుపోతాడు."

ధైర్యం చెబుతారని, లేకపోతే తిడతారని అనుకున్నాను. రెండూ చేయలేదు. తనకూ బద్ధకమేనని ఒప్పుకున్నారు, అంతే. అంతవరకు అలాంటి పనులు చేసేవాళ్ళకు లోపల ఏదో దీపం వెలుగుతుంటుందని, అది నాలో లేదని అనుకునేదాన్ని. ఆవిడలోనూ లేదని తెలిశాక ఎంత తేలికపడ్డానో చెప్పలేను. ఆదివారం ఆటో ఎక్కాను. వెళ్ళేసరికి ఆమె మోకాళ్ళకు గుడ్డ చుట్టుకుని, గొణుక్కుంటూ ఇటుకలు తడుపుతున్నారు.

దీపావళికి ముందు ఆదివారం రేకులు ఎక్కాయి. గోడలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, తలుపుకు రంగు లేదు. పిల్లలిద్దరూ కొత్త నేల మీద బోర్లా పడుకుని, ఇక్కడ నేను, ఇక్కడ నువ్వు అని చోట్లు పంచుకున్నారు. ఊరికి వెళ్ళడానికి కట్టి పెట్టిన మూటను లస్మవ్వ విప్పి, గిన్నెలు ఒక్కొక్కటే తీసి గోడవార సర్దింది. రాజేశం మూటలోంచి దుప్పటి లాక్కుని మా ముందే మూలకు పడుకున్నాడు. మేము దణ్ణాలూ దండలూ ఏమీ పెట్టుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు సుభద్ర గారు ఆటోలో నా భుజం మీద తల వాల్చి గుర్రు పెట్టారు. ఆవిడ మీద నాకు ప్రేమ ఉందని ఆ దారిలోనే తెలిసింది.

ఆ తర్వాత కూడా వానలు ఆగలేదు. రెండు మూడేళ్ళకోసారి ఖాడీ పొంగేది, వాడలో మోకాలి లోతు నీళ్ళు నిలిచేవి, మేము పారలు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. కట్టిందే మళ్ళీ కట్టడం, కడిగిందే మళ్ళీ కడగడం. దీనికి అంతు ఉందా మేడమ్ అంటే, "ఇల్లు ఊడవడానికి ఉందా?" అనేవారు. రిటైరయ్యాక కూడా వచ్చి, కుర్చీ వేసుకుని కూర్చుని అందర్నీ కసిరేవారు.

పోయిన ఏడాది చలికాలంలో ఆమె పోయారు. ఆసుపత్రిలో దగ్గరుండి చూసుకున్నది నేనే. అన్నీ అయిపోయిన మర్నాడు పొద్దున్నే, లస్మవ్వకు ఫోనులో చెప్పడం ఇష్టంలేక, పర్వత్ పాటియా వెళ్ళాను. పిల్లలకు పెళ్ళిళ్ళయి సూరత్‌లోనే కాపురాలుంటున్నారు. రాజేశం ఇంకా రాత్రి పాళీ నుంచి రాలేదు. చెప్పగానే లస్మవ్వ పొయ్యి ఆర్పేసి నా పక్కన కూర్చుంది. కాసేపు ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆమె నా ముఖం పట్టుకుని చూసి, "ఎన్నొద్దులాయె పండుకోక? జర ఒరుగు చెల్లె" అంది.

"ఆయన వచ్చే వేళయింది కదా."

"వస్తె వస్తడు. నువ్వైతే ఒరుగు."

చాప వేసి, తలుపు దగ్గరికి వేసింది. గది చీకటైపోయింది. వెనక గోడ కంత లోంచి గాలి వస్తోంది గానీ వెలుతురు లేదు. ఆ చీకటిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంటికి వెళ్తూ వస్తూ, తలుపు తీసి ఉన్నప్పుడే చూశాను. కళ్ళు మూసుకున్నాను. ఆసుపత్రి దీపాల కింద ఎన్ని రోజులుగానో రాని నిద్ర, అడక్కుండానే వచ్చేసింది.

లేచి తలుపు తీసేసరికి సాయంత్రపు ఎండ. బయట గోడ నీడ ఉన్నమేర జరుగుతూ జరుగుతూ, చివరికి గడప పక్కకు చేరి కూర్చుని ఉన్నాడు రాజేశం. పక్కన టిఫిన్ డబ్బా. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొద్దున డ్యూటీ దిగి వచ్చిన మనిషి, మళ్ళీ డ్యూటీకి లేస్తున్నాడు.

"పొద్దటి సంది గాడ్నే ఉన్నడు" అంది లస్మవ్వ. "లేపుత అంటె లేపనియ్యలే."

"మీరు నన్ను లేపాల్సింది కదా!" అన్నాను.

"మేడమ్ పోయింది గదమ్మా" అన్నాడు రాజేశం. "నువ్వన్న మంచిగ పండుకోవాలె గద." డబ్బా చేత్తో పట్టుకుని, వీధి చివరికి నడిచి, కార్ఖానా వైపు తిరిగిపోయాడు. ఆ రాత్రంతా మగ్గాల మధ్య నిలబడాలి. కునుకు పడితే చేతులుంటాయా అని నేను తెల్లవార్లూ భయపడుతూనే ఉన్నాను. పొద్దున లస్మవ్వ ఫోను చేసి, వచ్చిండు, పండుకున్నడు అని చెప్పాక ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు మళ్ళీ నీళ్ళు వచ్చి పోయాయి. రేపు ఆదివారం. నాకు వెళ్ళబుద్ధి కావడం లేదు. నడుము నొప్పి, వయసు కూడా వచ్చింది, అలసిపోయానని చెప్పి ఊరుకుందామనుకుంటాను. అనుకునేసరికి ఆ చీకటి గదిలో నేను పోయిన నిద్ర ఎవరిదో గుర్తొస్తుంది. ఇక ఆ మాట నోటికి రాదు. ఆటోకు చెప్పి ఉంచాను.