గత్తంలో గాజుముక్కలు

కళింగపట్నం వెళ్లే దారిలో మా ఊరు. అక్కడ ప్రతి పెరటికీ సొంత పెంటకుప్ప ఉండేది. ఆ పెంట మాగితే గత్తం, ఎవరి గత్తం వాళ్ల వరిమడికే. అరవైల చివర్లో బ్లాకు ఆఫీసు నుంచి ఒక గ్రామసేవిక వచ్చి, వీధికంతటికీ కలిపి ఒకటే గొయ్యి తవ్వుకుంటే ఎరువు బాగా మాగుతుంది, ఈగలూ తగ్గుతాయి అని చెప్పింది. ఆడవాళ్లలో మా అమ్మ ఒక్కతే "తవ్వుదాం" అంది. అమ్మకి ఏదైనా తలకెక్కితే దిగదు. ఆ గుణమే నాకూ వచ్చిందంటారు, రానీ.

గొయ్యి తవ్వింది ఆడవాళ్లే. చెత్త మోసింది మేం, పిల్లలం. పొద్దున్నే తట్టలు నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్లం. పేడ, బూడిద, తిన్న విస్తరాకులు, చేపలు వండిన రోజైతే తలలూ తోకలూ. గ్రామసేవిక మాకు పాఠం కూడా చెప్పింది. గోతి పక్కన ఆకూ, మేకూ, సీసాపెంకూ పాతిపెట్టించి, కొన్నాళ్లకి మా చేతనే తవ్వించింది. ఆకు మట్టిలో కలిసిపోయింది, మేకు తుప్పు పట్టింది, సీసాపెంకు అలాగే ఉంది. "కుళ్లనిదేదీ గోతిలో పడకూడదు" అంది. ఇక మమ్మల్ని పట్టేవాళ్లెవరు? చెత్తలో సీసాపెంకు కనిపిస్తే ఆ ఇంటి ముందు నిలబడి వీధంతా వినేలా గోల చేసేవాళ్లం.

గాజుల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ముత్తయిదువ చేతిగాజు చిట్లితే ఆ ముక్కలు ఎవరి కాలికిందా పడకూడదని ఏరి, కళ్లకద్దుకుని, పెంటకుప్పలో ఒక మూల వేసేవారు మావైపు. ఏ మూల వేసిందో ఆ ఇంటి ఆడమనిషికి తెలుసు. గత్తం ఎత్తేటప్పుడు ఆ మూల వదిలేసేది. అందరి గోతికి మూల ఎక్కడిది? గాజులమ్మే ఆయన వచ్చి వెళ్లిన రోజున వీధి వీధంతా పాత గాజుల ముక్కలు తెచ్చి భక్తిగా అందులో వేసింది. మా కళ్ల ముందే వేశారు. కళ్లకద్దుకున్నదాన్ని చెత్త అని ఎవరనుకుంటారు?

ఊడ్పుల రోజుల్లో ఆ గత్తం మొదట మా మడిలోనే పడింది. నాట్లు వేస్తున్న మా మేనత్త బురదలో అడుగు వేసి కెవ్వుమంది. అరికాల్లోంచి ఎర్రగాజు ముక్క లాగారు. అప్పటికామె చంటిబిడ్డ తల్లి. శ్రీకాకుళం ఆసుపత్రిలో సూది వేసి, కట్టు కట్టి, "రెండు మూడు వారాలు కనిపెట్టి ఉండండి, దవడ బిగిస్తే వెంటనే తీసుకురండి" అన్నారు. ధనుర్వాతం అన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మా వీధిలో ఒకాయన దానితోనే పోయాడు.

నాన్నమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఎవులింటి సెత్త ఆలింట్లో ఉండాల. ఊరి పెంటంతా ఒక్కకాడ పోయించినావు. ఇప్పుడు నా కూతురికేటైనా అయితే, ఆ సంటిదాన్ని ఎవులు సూస్తారే?" అంది అమ్మతో. అమ్మ మాట పడి ఊరుకోవడం అదే మొదటిసారి చూశాను. నాన్నమ్మ మీద నాకు ఒళ్లు మండిపోయింది.

పూటపూటా అమ్మ అత్త మంచం పక్కన కూర్చుని అన్నం కలిపి ముద్దలు పెట్టేది. దెబ్బ కాలికి తగిలితే ముద్దలెందుకో నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత చూస్తే అమ్మ చూపు నోటి మీదే ఉంది, ఎంతవరకు తెరుచుకుంటుందా అని. అత్తకీ తెలుసు. 

మిగిలిన వేళంతా అమ్మ గోతి దగ్గరే. ఉన్న గత్తమంతా పైకి తోడి జల్లెడ పట్టడం మొదలుపెట్టింది. మొదట ఒక్కతే. తర్వాత ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చున్నారు. మేం ముక్కలు ఏరి కుండలో వేసేవాళ్లం. ఆ ముక్కల్నే తర్వాత దీపం సెగకి వంచి, గొలుసుగా చేసి, బడి గుమ్మానికి కట్టాం. కానీ ఆ రోజుల్లో వాటిని చూస్తేనే భయం. అత్త కాల్లో దిగిన ఎర్రముక్క ఎవరిదని ఎవరూ అడగలేదు. అమ్మవీ ఎర్రగాజులే.

ఆసుపత్రివాళ్లు చెప్పిన గడువు దాటింది. అమ్మ మాత్రం నమ్మలేదు, ముద్దలు పెడుతూనే ఉంది. ఒకనాడు పొద్దెక్కాక అందరం ఏరుతుంటే వెనక నుంచి కేక వినిపించింది. కర్ర పట్టుకుని కుంటుకుంటూ అత్త వస్తోంది.

"ఓలమ్మ! వదినా, నీకు బుద్ధి గానీ పోనాదేటి? పిల్లల సేత వట్టి సేతుల్తో గాజుపెంకులు ఏరిస్తన్నావేటి? నాకు దిగింది సాలదా?"

నోరు బారెడు తెరిచి, వీధి చివరిదాకా వినిపించేలా తిట్టింది. అమ్మ చేతిలో జల్లెడ జారిపోయింది. గత్తం కుప్ప మీదే చతికిలబడి ముందు నవ్వింది, తర్వాత భోరున ఏడ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అమ్మ అంది:

"తిట్టమ్మా. ఇంకోపాలి తిట్టు. నోరు బాగా తెరిసి తిట్టు."