మా నాయిన కట్టిన పరదా

మొన్న మనవరాలితో ఆటోలో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వస్తుంటే, రోడ్డు పక్క గుడిసెలు కనబడకుండా ఎత్తుగా ఆకుపచ్చ బట్ట కట్టి, దాని మీద ఆటగాళ్ల బొమ్మలు అంటించి ఉన్నాయి. ఏవో అంతర్జాతీయ పోటీలట. "అమ్మమ్మా, దాని వెనకాల ఏముంది?" అని పిల్ల అడగగానే గతుక్కుమన్నాను.

నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది. నా చిన్నతనంలోనూ ఇలాగే ఏవో విదేశీ జట్ల పోటీలు వచ్చాయి. మేమప్పుడు అమీర్‌పేట రోడ్డు పక్క బస్తీలో ఉండేవాళ్లం, నాయిన టెంట్‌హౌస్‌లో శామియానాలు కట్టేవాడు. ఆయనే వచ్చి మా బస్తీ ముందు గుంజలు పాతుతుంటే, శామియానా అంటే పెళ్లికో పేరంటానికో తప్ప ఎరగని మేమంతా, ఆ ఆటగాళ్లు మా దగ్గరికే వస్తున్నారనుకుని సంబరపడిపోయాం. ఆడవాళ్లు వాకిళ్లు కడిగి ముగ్గులు పెట్టారు, మగవాళ్లు సాయంపట్టి తాళ్లు లాగారు. నాయిన కూడా అలాగే అనుకున్నాడు పాపం! పైకప్పు వేయకుండా రోడ్డు వైపు మాత్రం బట్ట దించి, ఇక పని అయిపోయిందని మేస్త్రీ చెప్పేదాకా, మమ్మల్నే దాచేస్తున్నారని ఎవరికీ తట్టలేదు. మా ముగ్గులు మేమే చూసుకున్నాం.

మా చిన్నమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. మర్నాడు పౌరహక్కులవాళ్లతో కలిసి బస్తీ ఆడవాళ్లంతా 'మేము మనుషులం కాదా' అని అట్టల మీద రాసుకుని పంజాగుట్ట చౌరస్తాలో బైఠాయించారు, అమ్మ నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది. ఆటగాళ్ల బస్సు అటే పోవాలి, వాళ్ల కంటబడితే చాలని మా ఆశ. బస్సుకంటే ముందు టెంట్‌హౌస్ బండి వచ్చింది. బట్టచుట్ట భుజాన వేసుకుని దిగింది మా నాయినే.

మా చుట్టూ బట్ట కట్టకపోతే ఆయన పని పోతుంది. ఆయన మా వైపు చూడకుండా తాళ్లు చుడుతుంటే చిన్నమ్మ శాపనార్థాలు మొదలుపెట్టింది. అమ్మ మాత్రం మెల్లగా అంది: "జర గట్టిగ కట్టు. గాలికి లేస్తే మేము కానొస్తం."

ఆయన గట్టిగానే కట్టాడు. మాకు బస్సు చప్పుడు ఒక్కటే వినబడింది.

ఆ తర్వాత ఇంట్లో ఏ శుభకార్యానికీ నాయిన తన చేత్తో శామియానా కట్టలేదు, నా పెళ్లికి సుత వేరేవాళ్లను పిలిచాడు. ఆ రోజు చౌరస్తాలో నేను ఆయన్ను చూసి సిగ్గుపడ్డానో, మా బతుకు చూసుకుని సిగ్గుపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ చౌరస్తా మీద ఇప్పుడు ఫ్లైఓవర్ ఉంది, మెట్రో ఉంది, మేమూ ఫ్లాటులోకి మారాం. అన్నీ మారాయి గానీ ఆ బట్ట పోలేదు. సిగ్నల్ దగ్గర ఆగిన ఆటో కదిలేలోపు పిల్ల మళ్లీ అడిగింది. వెనకాల ఏముంటుందో నాకంటే ఎవరికి తెలుసు? అయినా నా నోటితో నేనే, "ఏం లేదు తల్లీ" అన్నాను.