కలశం ఉన్న బొమ్మ

తలదాచుకునే చోటు లేనివాడికి ఏ బొమ్మ చూసినా అందులో ఇల్లే కనిపిస్తుందని ఆ రోజుల్లో నాకు తెలియదు. మెల్‌బోర్న్‌లో చదువు ముగిసింది, ఉద్యోగం మొదలవలేదు. క్రెయిగీబర్న్‌లో ఐదుగురం కలిసి తీసుకున్న అద్దె ఇంట్లో నా వాటా హాల్లో సోఫా. ఆ ఇంటి లీజు కూడా నెలాఖరుకి అయిపోతోంది. మిగతా నలుగురూ తలో దారీ చూసుకున్నారు. నాకున్న ఒకే ఒక్క ఆశ, ఊరికి ఇంకో చివర పాయింట్ కుక్‌లో ఉండే అంకుల్. ఆయన మా నాన్న స్నేహితుడి బావమరిది (ఆస్ట్రేలియాలో ఇది రక్తసంబంధం కిందే లెక్క). కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. "గృహప్రవేశం అవనీవోయ్, వెనక గది నీదే" అన్నారు ఫోన్లో. ఆ ఒక్క మాట పట్టుకుని మూడు వారాలు ప్రశాంతంగా నిద్రపోయాను.

గృహప్రవేశానికి ఉత్త చేతులతో వెళ్లకూడదు. మా ఊళ్లో అయితే స్టీలు బిందె కొని, ఇంటివాళ్ల పేర్లు చెక్కించి ఇస్తారు. పేరు లేకపోతే ఆ బిందె మరుసటి నెల ఇంకొకరి పెళ్లికి వెళ్లిపోతుంది. ఇక్కడ పాత సామాన్లమ్మే ఆప్ షాపులో బిందెలు లేవు గానీ, గోడకి ఒక బొమ్మ వేలాడుతోంది. ఒక రాతి దిమ్మె, దాని మీద కలశం. పక్కన చేతిరుమాలుతో నిలబడ్డ ఇల్లాలు (పనిచేసి అలిసిపోయి చెమట తుడుచుకుంటోందనుకున్నాను). పైన నీడనిచ్చే చెట్టు, వెనక శిఖరమున్న ఇల్లు. అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది దిమ్మె మీద తెల్లగా వదిలేసిన జాగా. పేర్లు రాసుకోవడానికి కాక మరెందుకు? కింద ఏదో రాత ఉంది గానీ, దాన్ని ఫ్రేము మింగేసింది.

దుకాణంలో కూర్చున్న ముసలావిడ, అది విక్టోరియా రాణి నాటిదని, అమెరికాలో రాతి మీద గీసి అచ్చువేసి చేత్తో రంగులద్దేవారని, అప్పట్లో అక్కడ చాలా ఇళ్లలో ఇలాంటివి ఉండేవని చెప్పింది. సామాన్ల మీద చీటీలన్నీ ఆవిడే రాసిందట, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అంకుల్, ఆంటీల పేర్లు ఇచ్చి, ఆ ఖాళీలో రాసిపెట్టమన్నాను. ఆవిడ ముఖం మారిపోయింది.

"బోత్?" అంది.

"బోత్." ఒక్కరి పేరే రాస్తే ఆంటీ ఊరుకోదు కదా.

"వర్ యూ క్లోజ్?"

"వెరీ క్లోజ్. సూన్ ఐ విల్ జాయిన్ దెమ్."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "డోంట్ టాక్ లైక్ దట్, లవ్." వెనక గదిలో ఫ్రేము విప్పి, పేర్లు రాసి తెచ్చింది. డబ్బు తీసుకోలేదు, టీ ఇచ్చింది. మనసు బాగోనప్పుడు ఫోను చెయ్యమని ఒక నంబరు కూడా ఇచ్చింది. ఈ దేశంలో గది దొరకని కుర్రాళ్లకి ఎంత ఆదరణ అనుకున్నాను.

ఆదివారం పాలు పొంగాయి, పొగకి అలారం మోగింది, భోజనాల ముందు ఆంటీ ముచ్చటపడి నా కానుక అందరి ఎదుటా విప్పింది. ముందుగా నోరు విప్పింది వాళ్లమ్మాయి, పదకొండో క్లాసు.

"అమ్మా, దట్స్ ఎ గ్రేవ్‌స్టోన్. విత్ యువర్ నేమ్స్ ఆన్ ఇట్."

"కాదమ్మా, పైన కలశం ఉంది చూడు" అన్నాను.

"దట్స్ ఫర్ ది యాషెస్."

పురోహితుడు (వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్) మంత్రం ఆపేశాడు. ఆంటీ నా వైపు చూడలేదు. అంకుల్ కళ్లజోడు సవరించుకుని, "చేతిరాత బావుంది" అన్నారు.

భోజనమయ్యాక ఆయనే నన్ను గేటు దాకా తీసుకొచ్చి, బొమ్మ చేతిలో పెట్టారు. "ఆ గది దేవుడికి కావాలంటోందయ్యా మీ ఆంటీ. ఆవిడ సంగతి తెలుసుగా. ఇదిగో, దీన్ని బిన్‌లో మాత్రం వెయ్యకు, మా పేర్లున్నాయి." దేవుడితో గదికి పోటీపడే స్థితిలో నేను లేను. రైల్లో ఆ సమాధిని గుండెలకి ఆనించుకుని, నిలబడి క్రెయిగీబర్న్‌కి తిరిగొస్తుంటే, ఒక పెద్దాయన లేచి సీటిచ్చాడు. అప్పుడే మొదటిసారి ఏడుపొచ్చింది.

తరవాత ఎన్నో సోఫాలు మారాను. చివరికి ఒక పత్రికలో పడ్డాను. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో, బొమ్మ కింద రాసింది చదవకుండా ఒక్క పేజీ అచ్చుకి పంపలేదు (ఎందుకంత పట్టింపని కుర్ర సబ్‌ఎడిటర్లు విసుక్కునేవారు). ఇప్పుడు రౌస్ హిల్‌లో నాకూ ఒక ఇల్లుంది. బొమ్మ కూడా ఉంది, పుస్తకాల బీరువా పక్కన. పారేద్దామనుకున్నప్పుడల్లా, వాళ్లిద్దరూ బతికుండగా ఎలా పారేయడమని ఆగిపోయాను.

మొన్న అంకుల్‌కి ఫోన్ చేశాను. ఎనభై దాటాయి, మోకాళ్లు సహకరించడం లేదట.

"ఆ బొమ్మ ఉందా ఇంకా?"

"ఉందండీ."

"జాగ్రత్తగా ఉంచు. పేర్లు ముందే రాసున్నాయి, మా అమ్మాయికి పని తగ్గుద్ది." వెనక నుంచి ఆంటీ, "ఏం మాటలవి" అని కసరడం వినిపించింది. తరవాత ఆవిడే ఫోన్ లాక్కుని, "నువ్వెప్పుడొస్తావ్ అబ్బాయ్? ఆ గది ఖాళీగానే ఉంది" అంది.

ఫోన్ పెట్టేసి బొమ్మ వైపు చూశాను. దాని ఫ్రేము అద్దంలో నెరిసిన తల ఒకటి సరిగ్గా ఆ చెట్టు కింద కనిపించింది. పక్కన ఇల్లాలు ఇంకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఆ తల మాత్రం నవ్వుతోంది.