తమ్ముడు పెడతానన్న ముద్ద

తమ్ముడి కర్మాంతరాల రోజు కాకి ముద్ద ముట్టలేదు. ఏటి గట్టున ఆకులో అన్నం పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకులు లేకనా? ఎదురుగా చింతచెట్టు నిండా ఉన్నాయి. మా మేనత్త ఊరుకుంటుందా? "వాడికేందో కోరిక మిగిలిపోయిండాది, అలసంద వడలు పెట్టండి, బొరుగులు పెట్టండి" అని ఒకటే పోరు. అన్నీ పెట్టాం. చివరికి అయ్యవారు దర్భతో కాకిని చేసి ముద్దకు తాకించి, అయిందనిపించాడు.

నాయనకు మాత్రం కాలేదు. అమ్మ లేని ఇల్లు మాది. తమ్ముడు కూడా పోయాక, మా ఊరు నగరిలో ఆ మరమగ్గాల మోత మధ్య నేనూ ఆయనా మిగిలాం. కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేవాడు. "బిడ్డ ఆకలితో పోయినాడు, నాకేం తిండి" అనేవాడు. నేను బతిమాలీ, అరిచీ, విసిగిపోయాను.

తమ్ముడు తడ దగ్గర ఒక కొరియా వాళ్ళ కంపెనీలో పని చేసేవాడు. పని దిగి బండి మీద వస్తుంటే లారీ... అంతకంటే రాయలేను. వాళ్ళ సారు ఒకసారి వాడిని చెన్నైలో తమ దేశపు హోటలుకు తీసుకెళ్ళాడు. ఇంటికొచ్చాక వాడికి అదే కథ.

"నేల మీదే కూసోవాల నాయనా, మన మాదిరే. మాంసం కాల్చి ఆకులో సుట్టి, సిన్నోళ్ళు పెద్దోళ్ళ నోట్లో పెడతారు. నిన్నొకసారి పిల్చుకపోయి నా చేత్తో పెడతా సూడు."

"ముందు నీ పెండ్లి కానీరా" అని నాయన నవ్వాడు.

ఆ మాట గుర్తొచ్చి, వాడి కోరిక ఇదే అయి ఉంటుందని చెప్పి నాయనను చెన్నై బస్సెక్కించాను. నాకు కాకుల మీద నమ్మకం లేదు. ఆయన కడుపు నిండా తింటే చాలనుకున్నాను.

ఆ హోటలు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, పొట్టి బల్ల ముందు సక్లంముక్లం వేసుకుని కూర్చున్నాం. చిన్న చిన్న గిన్నెల్లో ఏవేవో తెచ్చి బల్ల నింపేశారు. పులిసిన క్యాబేజీ ఒక్కటే నేను పోల్చుకోగలిగాను. తినడానికి పెట్టిన ఇనుప పుల్లలు చూసి నాయన, "వీటితో ఏం జేసేది?" అన్నాడు. వడ్డించే అమ్మాయి బల్ల మధ్యలో ఉన్న పొయ్యి మీద కోడి ముక్కలు కాల్చి, కత్తెరతో కోసి, ఆకులో ఎలా చుట్టాలో చూపించి వెళ్ళింది.

నేనొక ఆకు తీసుకుని, ముక్క, ఎర్రటి కారం, ఇంత అన్నం పెట్టి, వక్కాకు మడిచినట్టు మడిచి నాయన నోటి దగ్గర పెట్టాను. ఆయన నోరు తెరవలేదు.

"ఇది వాడు పెడతానన్నది. నువ్వు పెడితే నేనెట్ట తినేది?"

ఒళ్ళు మండిపోయింది. పక్క బల్లల వాళ్ళు చూస్తున్నారని కూడా అనుకోలేదు. "వాడొక్కడేనా నీ బిడ్డ? నేను గూడా తమ్ముడ్ని పోగొట్టుకున్నా నాయనా. వండి పెట్టి, నువ్వు లేచిపోతే ఆ గిన్నెలు కడిగి పండుకుంటా ఉండా. నేనుండా ఈడ. కనపడ్లేదా నీకు?"

అంతలోనే ఏడుపు తన్నుకొచ్చింది. వాడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. వచ్చేపోయే వాళ్ళకు కాఫీలు కలపడంతోనే సరిపోయింది.

ముద్ద పట్టుకున్న చెయ్యి ఇంకా అలాగే ఎత్తి ఉంది. గాజులు మోచేతి దాకా జారిపోయాయి. నాయన వాటినే చూస్తూ ఉండిపోయాడు.

"ఇంత సిక్కిపోయినావేంది పాపా? నువ్వు అన్నం తినలేదా?" అన్నాడు.

నా చేతిలోని ముద్ద తీసుకుని నా నోట్లో పెట్టాడు. నేను నమిలి మింగేదాకా కదలకుండా చూశాడు. తర్వాత తనకొక ఆకు చుట్టుకోబోయాడు. మడత విడిపోయి అన్నమంతా బల్ల మీద పడింది. కళ్ళు తుడుచుకుని నా వైపు జరిగాడు.

"నువ్వే పెట్టు" అన్నాడు.